పెరిమెనోపాజ్‌లో మనసు కుదురుగా లేనప్పుడు: హార్మోన్లా, డిప్రెషన్ మందులా, కౌన్సెలింగా?

మందుల షాపు నడిపేవాళ్లకి ఎచ్1 రిజిస్టర్ అంటే తెలుస్తుంది. ఆల్ప్రజోలమ్ లాంటి నిద్రమాత్రలు ఇచ్చినప్పుడల్లా రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చామో అందులో ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని మూడేళ్లు దాచాలి. నా నలభై ఆరో ఏట ఒక సాయంత్రం ఆ రిజిస్టర్‌లో పేషెంటు గడిలో నా పేరు నేనే రాసుకున్నాను.

అప్పటికి కొన్ని నెలలుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది. గుండె దడదడ. షటర్ దించి ఇంటికి వెళ్లాక, ఇవాళ ఎవరికైనా తప్పు మందు ఇచ్చానేమో అని భయం పట్టుకునేది. మళ్లీ వచ్చి, షటర్ సగం ఎత్తి, లోపల కూర్చుని బిల్లులన్నీ తిరగేసేదాన్ని. మందులివ్వడం నాకు ఇరవై ఏళ్లుగా అలవాటైన పని. ఒకరోజు పెరుగు గిన్నె మీద మూత పెట్టలేదని అరిచిన అరుపుకి మా అబ్బాయి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. వాడు వదిలేసిన అన్నం చూస్తూ చాలాసేపు ఏడ్చాను. చూపించుకుంటే డాక్టరు ఐదు నిమిషాల్లో నిద్రమాత్ర రాసి పంపేశారు. నెలసరి ఎలా వస్తోందని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ఏడాది అది ఒకసారి ఇరవై రెండు రోజులకీ ఇంకోసారి నలభై రోజులకీ వచ్చింది. దానికీ దీనికీ లంకె ఉందని నాకు తట్టనే లేదు.

తర్వాత వేరే డాక్టర్లని కలిశాను, చదివాను, కౌంటర్ దగ్గర కాస్త ఆగి మాట్లాడే ఆడవాళ్ల మాటలు విన్నాను. ఈ వయసులో మనసు చెదిరినప్పుడు ఉన్న దారులేమిటి, ఏది ఎవరికి నప్పుతుంది అన్నది రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. కాకపోతే ఏం అడగాలో తెలిసి వెళ్తే ఆ పది నిమిషాలు వృథా పోవు.

ముందు ఇది పెరిమెనోపాజేనా అని తేలాలి

వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. దానికి ముందు నాలుగైదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, సాగే దశ పెరిమెనోపాజ్. పడమటి దేశాల్లో సగటున 51 ఏళ్లకి ముట్లు ఆగితే మన దేశంలో 46, 47కే ఆగుతున్నాయి. అంటే మనకి ఈ దశ నలభై దాటిన కొద్దికాలానికే మొదలు కావచ్చు. నలభై లోపే ముట్లు ఆగితే అది వేరే సంగతి. అలాంటివాళ్లకి మనసు ఎలా ఉన్నా సరే ఎముకల కోసం, గుండె కోసం హార్మోన్లు ఇవ్వాలనే డాక్టర్లు చెబుతారు.

ఈ దశలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉయ్యాలలా ఊగుతుంది. ఒక నెల మామూలుకన్నా పైకి ఎగురుతుంది, మరో నెల అడుక్కి పడిపోతుంది. మూడ్‌నీ నిద్రనీ నడిపే సెరటోనిన్ వంటి రసాయనాలతో ఈస్ట్రోజెన్‌కి సంబంధం ఉంది. ప్రొజెస్టిరోన్ అనే ఇంకో హార్మోన్ నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడుని నెమ్మదింపజేస్తుంది. అండం విడుదల కాని నెలల్లో అదీ సరిగ్గా అందదు. ఈ ఊపుని అందరూ ఒకేలా తట్టుకోరు. నెలసరి ముందు వారం బాగా చిరాకు పడేవాళ్లు, కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్లు, ఇదివరకే ఒకసారి డిప్రెషన్‌తో బాధపడినవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు.

అందుకని మందుల గురించి ఆలోచించే ముందు రెండు నెలలు రాసుకోండి. నేను షాపు గోడ మీద క్యాలెండర్‌లోనే రాశాను. నెలసరి వచ్చిన రోజు ఎర్ర చుక్క, ఒంట్లోంచి ఆవిరి తన్నిన రోజు ‘ఆ’, నిద్ర లేని రాత్రికి ‘ని’, సాయంత్రం షాపు మూసేముందు ఆ రోజు మనసుకి పదికి ఒక మార్కు. రెండు నెలలయ్యాక చూస్తే రెండు, మూడు మార్కులు పడిన రోజుల్లో చాలావాటికి ముందు గడిలో ‘ఆ’, ‘ని’ పక్కపక్కనే ఉన్నాయి. నైటీ తడిసి లేచిన రాత్రి తర్వాత వచ్చిన పగళ్లు అవి. నా విషయంలో ఏ దారి పట్టాలో ఆ క్యాలెండరే చెప్పింది. మీ క్యాలెండర్ ఇంకోలా చెప్పొచ్చు. ఆవిర్లు లేవు, నెలసరి తారీఖు తప్పడం లేదు, అయినా నెలల తరబడి ఒకేలా దిగులుగా ఉందంటే కారణం హార్మోన్లు కాకపోవచ్చు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 తప్పకుండా చూపించుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రక్తం తక్కువైతే వచ్చే నీరసం, గుండెదడ, చిరాకు అచ్చం పెరిమెనోపాజ్‌లాగే ఉంటాయి. పైగా ఈ దశలో నెలసరి ఎక్కువగా పోయి ఉన్న రక్తం కూడా తగ్గుతుంది. అండాశయాలని నడిపే హార్మోన్‌ని కొలిచే ఎఫ్ఎస్‌హెచ్ పరీక్ష మాత్రం నలభై ఐదు దాటినవాళ్లకి దాదాపు అక్కర్లేదు. అది వారానికొక తీరుగా మారుతుంది కాబట్టి ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన పెరిమెనోపాజ్ కాదని తేలదు. ఆ ఒక్క కాగితం చూసి “నీకేం లేదమ్మా” అనిపించుకుని వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

హార్మోన్ మందు మనసుకి పనిచేస్తుందా?

పనిచేస్తుంది, అయితే సమయం చూసుకోవాలి. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో పెరిమెనోపాజ్‌లో డిప్రెషన్ ఉన్న 50 మందిని తీసుకుని, సగం మందికి రోజుకి 100 మైక్రోగ్రాముల ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) ఉన్న, చర్మానికి అంటించే ప్యాచ్, సగం మందికి మందు లేని ఉత్త ప్యాచ్ వేశారు. పన్నెండు వారాలకి మందు ప్యాచ్ వేసుకున్నవాళ్లలో 68 శాతం మంది కోలుకున్నారు, ఉత్త ప్యాచ్ వాళ్లలో 20 శాతం. 2018లో అమెరికాలో 172 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో అప్పటికి డిప్రెషన్ లేనివాళ్లకే ఏడాదిపాటు ఇచ్చి చూశారు. ఉత్త మందు వాళ్లలో 32 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తే, హార్మోన్ తీసుకున్నవాళ్లలో 17 శాతం మందికి కనిపించాయి. ముట్లు పూర్తిగా ఆగి ఏళ్లు గడిచిన స్త్రీలకి ఇలాగే ప్యాచ్ ఇచ్చి చూస్తే మాత్రం డిప్రెషన్ మీద ఫలితం కనపడలేదు. అంటే ఈ మందు ఊగిసలాట నడుస్తున్నప్పుడు మనసుకి ఆసరా ఇస్తుంది. అరవై ఏళ్ల అత్తగారి దిగులుకి అది మందు కాదు.

బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు మెనోపాజ్ వల్ల వచ్చిన దిగులుకి హార్మోన్ మందునీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే కౌన్సెలింగ్‌నీ ఆలోచించమంటాయి. డిప్రెషన్ అని నిర్ధారణ కాని వాళ్లకి ఉత్త దిగులు కోసం డిప్రెషన్ మందులు ఇస్తే ఫలితం ఉంటుందని స్పష్టమైన ఆధారం లేదనీ అవి చెబుతాయి. అమెరికాలోని మెనోపాజ్ నిపుణులు 2018లో రాసిన సలహా వేరే కోణం నుంచి ఉంటుంది. నిజంగా డిప్రెషన్ జబ్బే వచ్చి ఉంటే ముందు డిప్రెషన్ మందులు, కౌన్సెలింగ్ అని వాళ్లు అంటారు. అమెరికాలో ఈస్ట్రోజెన్‌కి డిప్రెషన్ మందుగా అనుమతి కూడా లేదు. ఈ రెండు సలహాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ రెండూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నాయి. మీరు ఏ మనిషో తెలుసుకోవడమే ఇక్కడ అసలు పని.

డిప్రెషన్ మందులు ఎప్పుడు ముందు?

రెండు వారాలకి పైగా రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, స్నానం చేయడానికి కూడా ఒళ్లు కదలకపోవడం, నేను ఎందుకూ పనికిరానన్న ఆలోచన. ఇలా ఉంటే హార్మోన్ల కోసం మూడు నెలలు ఎదురుచూడకండి. ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఇదివరకు ఒకసారి డిప్రెషన్ వచ్చి, ఏదో ఒక మందుతో తగ్గి ఉంటే, మళ్లీ అదే మందు మొదటి ఎంపిక. ఆ పాత చీటీ బీరువాలో ఎక్కడుందో వెతికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఇంట్లో ఒకరికి చెప్పి ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఎస్సిటలోప్రామ్, వెన్‌లఫాక్సిన్ లాంటి మందులకి ఇంకో మంచి గుణం ఉంది. ఒంటి ఆవిర్లని కూడా కొంత తగ్గిస్తాయి. రొమ్ము కేన్సర్ వచ్చి తగ్గినవాళ్లు హార్మోన్లు వాడకూడదు కాబట్టి వాళ్లకి ఇవే పెద్ద ఆసరా. అలాంటివాళ్లు టామోక్సిఫెన్ అనే కేన్సర్ మందు వాడుతుంటే పారాక్సెటిన్, ఫ్లుయాక్సెటిన్ పనికిరావు, అవి టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తాయి. ఈ సంగతి చీటీ రాసేటప్పుడే డాక్టరుకి గుర్తుచేయండి. ఈ మందులు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కొందరికి టెన్షన్ పెరగడం, తర్వాత లైంగిక కోరిక తగ్గడం ఉండొచ్చు. ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం వస్తాయి. తగ్గించుకుంటూ మానాలి.

ఇక మన ఊళ్లలో ఎక్కువగా చేతికొచ్చేది ఆల్ప్రజోలమ్. ఇది డిప్రెషన్ మందు కాదు. పడుకోబెడుతుంది, అంతే. వారాల తరబడి వేసుకుంటే అది లేనిదే నిద్ర రాని స్థితికి తీసుకొస్తుంది. నేను పదకొండు మాత్రలు వేసుకుని ఆపేశాను. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించుకోవాలి.

కౌన్సెలింగ్, గర్భనిరోధక మాత్రలు, మూలికలు

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దిగులుకీ నిద్రకీ బాగా పనిచేస్తుంది. ఆవిర్లు వచ్చినా వాటికి అంత బెదిరిపోకుండా ఉండటానికీ సాయపడుతుంది. చిన్న ఊళ్లలో అది చేసే మనిషి దొరకడమే కష్టం, కానీ ఇప్పుడు వీడియో కాల్‌లో తెలుగులో చేసేవాళ్లు ఉన్నారు. ఇది మిగతా ఏ దారితోనైనా కలుస్తుంది. ఈ వయసులో మన మీద పడే బరువు నిజమైనది. పిల్లల ఎంసెట్, అమ్మకి పక్షవాతం, అత్తగారి మందులు, షాపు అప్పు. హార్మోన్ మందు వీటిలో ఏ ఒక్కదాన్నీ తీర్చదు. అవి మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండాలి.

గర్భనిరోధక మాత్రలు అండాశయాల ఊగిసలాటనే అణిచేస్తాయి. నెలసరి ఎక్కువగా పోతూ, గర్భం భయం కూడా ఉన్నవాళ్లకి నప్పొచ్చు. కానీ బీపీ ఉన్నవాళ్లకి, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లకి, పొగ లేదా చుట్ట తాగేవాళ్లకి వద్దు. కొందరికి మూడ్ ఇంకా పాడవుతుంది. సోయా, మూలికల క్యాప్సూల్స్‌తో మనసు కుదుటపడుతుందని నమ్మదగ్గ ఆధారం లేదు. వాటి మీద పెట్టే డబ్బుతో రక్తపరీక్షలు చేయించుకోవచ్చు.

హార్మోన్లే అనుకుంటే, మొదట గర్భసంచి సంగతి

గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు. అది గర్భసంచి లోపలి పొరని మందంగా పెంచుతుంది, కొన్నేళ్లకి కేన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. దాన్ని ఆపడానికే ప్రొజెస్టిరోన్. గర్భసంచి తీసేసినవాళ్లకి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

ఇక్కడ మన రాష్ట్రాల గురించి విడిగా చెప్పాలి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ. వీళ్లలో చాలామందికి ముప్పైల్లోనే ఆపరేషన్ అయిపోయింది. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు, దానికి హార్మోన్ మందు అవసరం చాలా ఎక్కువ. అండాశయాలు ఉంచితే కొన్నేళ్లకి పెరిమెనోపాజ్ మామూలుగానే వస్తుంది, ఒక్కోసారి కాస్త ముందే వస్తుంది. కానీ నెలసరి లేదు కాబట్టి అది వచ్చిందని చెప్పే గుర్తే ఉండదు. నలభై రెండేళ్ల మనిషి రాత్రుళ్లు చెమటలు పట్టి, పగలు ఏడుస్తుంటే “నాకెప్పుడో ఆపరేషన్ అయిపోయిందిగా, ఇదేం వస్తుంది” అనుకుంటుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. మా షాపుకి వచ్చే ఒక వదినగారు ఇలాగే రెండేళ్లు గడిపారు.

అండాశయాలు తీశారో లేదో చాలామందికి తెలియదు. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతకండి. అది లేకపోతే స్కానింగ్‌లో చూసి చెప్పొచ్చు. ఇంకో మాట, డాక్టరు దగ్గర “ఆపరేషన్ అయింది” అని ఊరుకోకండి. పిల్లలు పుట్టకుండా చేసుకున్న ఆపరేషనా, గర్భసంచి ఆపరేషనా విడమరిచి చెప్పండి. మనం రెండింటినీ ‘ఆపరేషన్’ అనే అంటాం. ఆ ఒక్క మాట తేడాతో చీటీలో మందు మారిపోతుంది.

జెల్లా, మాత్రా?

నా ఓటు చర్మం మీద రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్‌కి. కారణం చెబుతాను. నోటితో మింగిన ఈస్ట్రోజెన్ ముందు లివర్‌లోకి వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టే పదార్థాలు పెరుగుతాయి, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. చర్మం ద్వారా వెళ్లినది నేరుగా రక్తంలో కలుస్తుంది. మామూలు మోతాదులో రాసుకునే జెల్‌తో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరిగినట్టు అధ్యయనాల్లో కనపడలేదు. షుగర్, ఊబకాయం, మైగ్రేన్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవాళ్లు, అంటే మనలో నలభై దాటిన ఆడవాళ్లలో చాలామంది, జెల్ గురించే అడగాలి. మనసు మీద జరిగిన మంచి అధ్యయనాలు కూడా ఎక్కువగా చర్మం మీద వేసే ఈస్ట్రడయాల్‌తోనే. ప్యాచ్ అయితే మన షాపుల్లో జెల్ దొరికినంత తేలిగ్గా దొరకదు.

మాత్ర వైపూ న్యాయం చేయాలి. ఈస్ట్రడయాల్ వాలరేట్ మాత్ర చవక, చిన్న ఊళ్లోనూ దొరుకుతుంది, వేసుకోవడం సులువు. ఏ ఇతర జబ్బూ లేని, సన్నగా ఉండే నలభై ఆరేళ్ల మనిషికి మాత్రతో ప్రమాదం చాలా తక్కువ. జెల్ దొరక్క మధ్యలో మానేయడంకన్నా మాత్ర రోజూ వేసుకోవడం నయం.

జెల్ రాసుకోవడంలో కూడా పద్ధతి ఉంది. పొద్దున స్నానం అయ్యి, ఒళ్లు బాగా ఆరాక, భుజం నుంచి మోచేతి దాకా పైన పలచగా పులమాలి. రుద్దొద్దు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు జాకెట్టు వేసుకోవాలి. రొమ్ముల మీద రాయకూడదు. గంటసేపు అక్కడ నీళ్లు తగలొద్దు, చిన్నపిల్లలు ఆ చేతికి ఆనుకోకూడదు. మే నెల చెమటలో అది ఆరేలోపే కారిపోతున్నట్టు అనిపించేది నాకు. అందుకే ఎండాకాలంలో ఫ్యాన్ కింద నిలబడి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒక మనవరాలు, ఒక ఉమ్మడి స్నానాలగది, పొద్దున్నే ఐదు మంది హడావిడి ఉన్న ఇంట్లో ఇది కష్టమే. అలాంటివాళ్లకి మాత్రే కుదురుతుందేమో డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ప్రొజెస్టిరోన్‌ని చిన్నచూపు చూడొద్దు

మనసు కోసం హార్మోన్ మొదలుపెట్టేవాళ్లకి చిక్కు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఈస్ట్రోజెన్‌తో తేలికపడిన మనసు ప్రొజెస్టిరోన్ వేసుకునే రోజుల్లో మళ్లీ బరువెక్కొచ్చు. నెలసరి ముందు వారంలో చిరాకు పడేవాళ్లకి ఇది ఎక్కువ. ఇంకా నెలసరి వస్తున్నవాళ్లకి ఈస్ట్రోజెన్ రోజూ, ప్రొజెస్టిరోన్ నెలకి పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు ఇస్తారు. ముట్లు ఆగి ఏడాది దాటాక రెండూ రోజూ ఇస్తారు. ముందే అలా రోజూ ఇస్తే రక్తం చుక్కలు చుక్కలుగా ఎప్పుడు పడితే అప్పుడు కనిపిస్తుంది.

మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరోన్ క్యాప్సూల్ మన శరీరంలో ఉండే ప్రొజెస్టిరోన్‌లాంటిదే. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే మగత వస్తుంది, నిద్ర లేని వాళ్లకి అదే వరం. పగలు మాత్రం వేసుకోకూడదు. వేరుశెనగ పడనివాళ్లు ఏ నూనెతో చేశారో అట్ట మీద చూడాలి, కొన్ని కంపెనీల క్యాప్సూళ్లలో వేరుశెనగ నూనె ఉంటుంది. ఇంకో రకమైన డైడ్రోజెస్టిరోన్ మాత్ర మత్తు లేకుండా ఉంటుంది, మూడ్ మీద కూడా సాధారణంగా తేలికే. నెలసరి విపరీతంగా పోయేవాళ్లకి గర్భసంచిలో అమర్చే మైరెనా అనే హార్మోన్ లూప్ మంచి దారి. రక్తస్రావం తగ్గుతుంది, గర్భం రాదు, గర్భసంచి పొరకి అయిదేళ్లు కాపలా ఉంటుంది, రక్తంలోకి వెళ్లే మోతాదు తక్కువ. అయినా కొద్దిమందికి దానితోనూ మూడ్ తేడా చేస్తుంది.

నాకు మొదటి రెండు నెలలు క్యాప్సూల్ వేసుకున్న రోజుల్లో మార్కులు నాలుగుకి పడిపోయాయి. డాక్టరుకి క్యాలెండర్ చూపిస్తే డైడ్రోజెస్టిరోన్‌కి మార్చారు. మూడో నెల ఆరు దాటాయి. ఇంకొకరికి ఇది తలకిందులుగా ఉండొచ్చు, డైడ్రోజెస్టిరోన్ పడక క్యాప్సూల్‌తో హాయిగా ఉన్నవాళ్లని చూశాను. కాబట్టి మొదటిది పడలేదని హార్మోన్ దారినే వదిలేయకండి. అలాగని ప్రొజెస్టిరోన్‌ని మానేసి ఈస్ట్రోజెన్ ఒక్కటే కొనుక్కునే పని అస్సలు చేయొద్దు. “అది వేసుకుంటే రక్తం కనపడుతోందమ్మా, జెల్ ఒక్కటే ఇవ్వు” అని వచ్చేవాళ్లని నేను తిప్పి పంపిస్తాను.

కేన్సర్ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

2002 జులైలో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరోన్‌లా పనిచేసే మందు) కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది ఉన్నారు, సగటు వయసు 63. గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర, మెడ్రాక్సీ ప్రొజెస్టిరోన్ అనే పాత ప్రొజెస్టిన్ కలిపి వాడారు. రొమ్ము కేన్సర్ ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది మందికి ఎక్కువగా వచ్చింది. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము కేన్సర్ పెరగలేదు. ప్రపంచమంతా డాక్టర్లు, ఆడవాళ్లు ఆ వార్త విని భయపడి మందు మానేశారు.

పదివేలకి ఎనిమిది అనేది సున్నా కాదు, వాడే ఏళ్లు పెరిగేకొద్దీ ఆ సంఖ్య కూడా పెరుగుతుంది. కానీ ఆ అధ్యయనంలోని మనిషీ, ఇవాళ నలభై ఆరేళ్ల వయసులో జెల్ రాసుకునే మనిషీ ఒకటి కాదు. 2025 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల కాగితాల మీద నల్ల గీతల చట్రంలో వేసే తీవ్రమైన హెచ్చరికలోంచి గుండెజబ్బు, రొమ్ము కేన్సర్, మతిమరుపు జబ్బుల మాటలు తీసేయిస్తామని ప్రకటించింది.

నిజంగా వద్దన్న సందర్భాలు కొన్ని ఉన్నాయి. రొమ్ము కేన్సర్ వచ్చి ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా, ఇదివరకు రక్తం గడ్డకట్టి ఉన్నా, గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉన్నా, లివర్ జబ్బు ముదిరి ఉన్నా హార్మోన్ మందు మొదలుపెట్టరు. బీపీ ఎక్కువ ఉంటే ముందు అది దారికి రావాలి. అమ్మకో అక్కకో రొమ్ము కేన్సర్ వస్తే తలుపు మూసుకుపోయినట్టు కాదు, కానీ ఆ మాట దాచకుండా చెప్పి, మామోగ్రామ్ చేయించుకుని, అప్పుడు నిర్ణయించుకోవాలి.

మరి ఎవరికి ఏది?

నెలసరి తారుమారు, రాత్రి చెమటలు, నిద్ర లేదు, వాటి వెంటే చిరాకు, ఏడుపు, భయం. ఇదివరకు డిప్రెషన్ లేదు. పనులు ఎలాగో చేసుకుంటున్నారు. ఇలాంటి మనిషి గైనిక్ డాక్టరు దగ్గరికి వెళ్లి హార్మోన్ గురించే ముందు అడగాలని నా అభిప్రాయం. నేను ఈ కోవలోదాన్ని. ఆవిర్లు ఎక్కువ లేవు, దిగులు బాగా లోతు, పాత డిప్రెషన్ చరిత్ర ఉందంటే సైకియాట్రిస్ట్ ముందు. మూడు నెలల తర్వాత మనసు కొంత కుదుటపడి చెమటలు మాత్రం అలాగే ఉంటే అప్పుడు హార్మోన్ కలపొచ్చు. రెండూ కలిపి వాడటం తప్పేమీ కాదు, చాలామందికి ఆ జోడీయే పనిచేస్తుంది. ఆవిర్లు కొద్దిగా, దిగులూ కొద్దిగా, మందులంటే ఇష్టం లేదు అనేవాళ్లు కౌన్సెలింగ్, రోజూ అరగంట నడక, సాయంత్రం కాఫీ మానడంతో మొదలుపెట్టి రెండు నెలలు చూడొచ్చు.

హార్మోన్ మొదలుపెడితే మూడు నెలలు సమయం ఇవ్వండి. ఆవిర్లు రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. మనసుకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మొదట్లో రొమ్ములు సలపడం, కడుపు ఉబ్బరం, మధ్యలో రక్తం చుక్కలు మామూలే. మూడు నెలలు దాటినా రక్తం కనపడుతుంటే స్కానింగ్ చేయించాలి. పన్నెండు వారాలకి మూడ్‌లో ఏ మార్పూ లేకపోతే మోతాదు మార్చడమో, డిప్రెషన్ మందు కలపడమో డాక్టరుతో మాట్లాడాలి. అలాగే సాగదీయొద్దు. ఇంకోటి, ఈ మందు గర్భాన్ని ఆపదు. యాభై లోపువాళ్లు చివరి నెలసరి తర్వాత రెండేళ్లు, యాభై దాటినవాళ్లు ఏడాది దాకా వేరే జాగ్రత్త తీసుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలు, థైరాయిడ్, రక్తం రిపోర్టులు, బీపీ చూయించుకున్న చీటీ, ఆపరేషన్ కాగితం, ఇప్పుడు వాడుతున్న అన్ని మందుల అట్టలు ఒక కవర్లో పెట్టుకెళ్లండి. మొదటి మాటగా “నిద్ర పట్టడం లేదండీ” అనకండి, నిద్రమాత్ర వస్తుంది. “నా నెలసరి మారింది, అప్పటి నుంచి మనసు మారింది, దీనికి హార్మోన్ మందు నాకు సరిపోతుందా” అని అడగండి. సరిపోదంటే ఎందుకో అడగండి. “ఈ వయసులో అందరికీ మామూలేనమ్మా” అన్న జవాబు ఒక్కటే వస్తే, కవర్ తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి.